ఎడమపక్క సీటు

పాత జీపులో కుడిపక్క సీటు కింద పెట్రోలు టాంకు ఉంటుంది, ఎడమపక్క సీటు కింద పనిముట్ల డబ్బా ఉంటుంది. అగ్గి అంటుకుంటే ముందు ఎవరు పోవాలో ఆ బండిని గీసిన మహానుభావుడు ముందే ఆలోచించి పెట్టాడన్నమాట. కృష్ణయ్య ఆ పెట్రోలు మీద ముప్పై ఏళ్ళు కూర్చున్నాడు. ఎడమపక్క సీటులో ఒక్క నిమిషమైనా కూర్చోలేదు. అది ఆఫీసరుగారి సీటు.

కృష్ణయ్యది చాంద్రాయణగుట్ట చౌరస్తా వెనక గల్లీలో రెండు గదుల సొంతిల్లు, ఒక సర్కారు శాఖలో జీపు డ్రైవరు ఉద్యోగం. శాఖ పేరెందుకు లెండి. పేరు చెబితే అందులో ఏదో పని జరిగేదని ఎవరైనా పొరబడతారు. చెరువులూ కాలువలూ చూసి రావడానికి ఆఫీసర్లు క్యాంపులకు వెళ్ళేవారు. చెరువు చూసినవాళ్ళు తక్కువ, చెరువు చేపలు చూసినవాళ్ళు ఎక్కువ. తీసుకెళ్ళడం, తీసుకురావడం కృష్ణయ్య పని. ఒక ఆఫీసరుకు వేగం కావాలి, ఇంకొకరికి నెమ్మది కావాలి, మరొకరికి నిద్ర కావాలి. నిద్రపోయే ఆయన తల వాలి కృష్ణయ్య భుజం మీద పడేది. మెలకువ వచ్చాక "దూరం జరగవయ్యా" అని కసిరేవాడు. ఇంత స్టీరింగు పట్టుకున్నవాడు ఎటు జరుగుతాడు? పెట్రోలు టాంకు సమేతంగా కిందికి దూకాలి.

మనుషులు బదిలీ అయ్యేవారు, సీటు బదిలీ అయ్యేది కాదు. అందులో ఎవరూ లేకపోయినా దాని మర్యాద దానికి ఉండేది. ఆఫీసులో అటెండరు ఇస్సాకు ఎన్నోసార్లు కృష్ణయ్యతో ఒంటరిగా ప్రయాణం చేశాడు. ప్రతిసారీ వెనకాల ఫైళ్ళ మూటల మధ్య మోకాళ్ళు ముడుచుకుని కూర్చునేవాడు. ముందు సీటు ఖాళీగా, గాలి తింటూ, దర్జాగా వెళ్ళేది. ఒకసారి ఇస్సాకు పొరపాటున ముందు కాలు పెట్టబోతే, "ఏయ్, అది సాబ్ సీటు" అని గద్దించింది ఎవరో కాదు, కృష్ణయ్యే. ఇంకోసారి దారిలో జ్వరం వచ్చి కృష్ణయ్య వణికిపోతే వేరే డ్రైవరును పిలిపించి, కృష్ణయ్యను కూడా ఆ ఫైళ్ళ మధ్యనే పడుకోబెట్టి తెచ్చారు. ఆ రోజూ ముందు సీటు ఖాళీయే. ఆఫీసరుగారు రైల్లో వెళ్ళిపోయారు.

కృష్ణయ్యకు ఒకే ఒక కోరిక ఉండేది. ఆ సీటులో ఒక్కసారి కూర్చోవాలి. ఇంకెవరో నడుపుతుంటే, చేతులు ఒళ్ళో పెట్టుకుని ఊరు చూస్తూ పోవాలి. ఇంత చిన్న కోరిక కోరేవాణ్ణి దేవుడు పట్టించుకోడు. పెద్ద కోరికల వాళ్ళ వరస అంత పొడుగ్గా ఉంటుంది మరి. ఈ సంగతి భార్య ఆగమ్మకు ఒక్కదానికే చెప్పుకున్నాడు.

"గింతేనా?" అంది ఆగమ్మ. "నీ కోరిక సల్లగుండ. నేనింక ఏదో ఇమానం ఎక్కుతనంటవనుకున్న."

తొంభైలలో కృష్ణయ్య రిటైరయ్యాడు. శాలువా కప్పారు, గోడగడియారం ఇచ్చారు. వేదిక మీద ఆఫీసరుగారు "మన ఆఫీసుకు కళ్ళూ కాళ్ళూ అయిన మన ప్రియమైన డ్రైవర్..." అని ఆగి, చేతిలోని కాగితం చూసుకుని, "కృష్ణయ్య" అన్నారు. చప్పట్లు కొట్టారు. గడియారం ఇంటికి వచ్చేలోపే ఆగిపోయింది.

మనిషి రిటైరైన ఏడాదే బండి కూడా రిటైరైంది. దానికి శాలువా లేదు. ఆఫీసు వెనక రేకుల షెడ్డులో పారేస్తే, ఎవరివో కోళ్ళు వెనక సీటులో గుడ్లు పెట్టుకున్నాయి. వేలం వేస్తున్నారని ఇస్సాకు కబురు తెచ్చాడు. ఇనప సామాన్ల వాళ్ళు తప్ప ఎవరూ రాని ఆ వేలంలో కృష్ణయ్య కొత్త చొక్కా వేసుకుని నిలబడి పాట పాడి, జీపును దక్కించుకున్నాడు. ఇనప వ్యాపారి జాలిగా చూసి, "ఇంజను జామైంది పెద్దమనిషీ, నీకెందుకిది?" అన్నాడు. కృష్ణయ్య డబ్బు లెక్కపెట్టి ఇచ్చాడు. కారణం చెబితే ఆ జాలి ఇంకాస్త ఎక్కువయ్యేది.

బండిని ఇంటికి తెచ్చింది బార్కస్‌లో మెకానిక్ షెడ్డు ఉన్న అవద్ భాయ్. తాతలు నిజాం పలటన్‌లో చేరడానికి అరబ్బు దేశం నుంచి వచ్చారట. మనవడు మాత్రం ఏ దేశం బండినైనా సుత్తితో దారికి తెస్తానని నమ్మేవాడు. తన లారీకి తాడు కట్టి జీపును గల్లీలోకి ఈడ్చుకొచ్చాడు. గేటు చాలలేదు. గేటు పక్కన దిమ్మె పగలగొట్టారు. బట్టలుతికే బండ అడ్డొచ్చింది, దాన్ని దొర్లించారు. వాకిట్లో ముగ్గు వేసే జాగాలో జీపు కుదురుకుంది. టైర్లలో గాలి లేదు, అద్దం లేదు, లైట్లు లేవు. బోనెట్ తీసి చూస్తే ఇంజనులో ఉండాల్సిన వస్తువులు కూడా కొన్ని లేవు.

ఆగమ్మ గడప మీద నిలబడి అంతా చూసింది. "రిటైరైతే మొగుడు ఇంట్ల ఉంటడనుకున్న," అంది. "ఇనప కొట్టు పెడతడనుకోలే."

వాడకట్టు ఆడవాళ్ళు "సవతి వచ్చిందే ఆగమ్మా" అని వేళాకోళం చేస్తే ఆమె ఒప్పుకోలేదు. "సవతైతే ఒక పూటన్న వండేది," అంది.

ఎదురింటి ఉమాపతిగారు మాత్రం విచారణ జరిపారు. ఆయనది కోస్తా వైపు నుంచి వచ్చి స్థిరపడిన కుటుంబం, సచివాలయంలో సెక్షనాఫీసరు. ఏ విషయం మీదైనా నోట్ రాసినట్టే మాట్లాడేవారు. "కృష్ణయ్యగారూ, మీరు చాలా తొందరపడ్డారండీ. ఇది నడిచే అవకాశం నాకైతే కనపడ్డం లేదు. ఒక మాట నన్నడిగి ఉంటే బావుండేది," అన్నారు. అడిగి ఉంటే ఆయన ఫైలు తెరిచేవారు. ఆ ఫైలు ఈనాటికీ నడుస్తూ ఉండేది, జీపు కాదు.

అక్కణ్ణుంచి మొదలైంది యజ్ఞం. బిగుసుకుపోయిన ఇంజనులో కిరసనాయిలు పోసి, నానబెట్టి, రోజూ పొద్దున్నే హ్యాండిల్ పెట్టి తిప్పడానికి ప్రయత్నించడం కృష్ణయ్యకు సంధ్యావందనం అయింది. అది తిరగలేదు, ఆయన నడుము తిరిగింది. గురువారం వస్తే జుమ్మేరాత్ బజార్‌కు పోయి, దొంగ సామాన్లూ దొర సామాన్లూ కలిసి పడుండే గుట్టల్లో బోల్టుల కోసం వెతికేవాడు. అవద్ భాయ్ శుక్రవారం నమాజు తరువాత వచ్చి, ఆగమ్మ చేసిన సర్వపిండి తిని, వారమంతా కృష్ణయ్య బిగించినవన్నీ విప్పేవాడు.

"కిష్టన్నా, గిది ఉల్టా ఫిట్ చేసినవ్ భాయ్."

"నేను ముప్పై ఏండ్లు నడిపిన గీ బండి."

"నడిపినవ్. కడుపు కోసి చూసినవా?"

కార్బొరేటరు కడగడానికి గిన్నె కావలసి వచ్చింది. కృష్ణయ్య చేతికందింది తీసుకున్నాడు. అది ఆగమ్మ పండుగకు పరమాన్నం వండే గిన్నె. ఆ సంవత్సరం పండుగకు పరమాన్నం వండారు, ఇంటిల్లిపాదికీ పెట్రోలు తేనుపులు వచ్చాయి. ఆగమ్మ ఆయన పంచెతో పొయ్యి తుడిచి, ఉతక్కుండా దండెం మీద ఆరేసింది. ఆ తరువాత కృష్ణయ్య తనకంటూ ఒక పాత డబ్బా కొనుక్కున్నాడు.

నేల రేకులు తుప్పు తిని రాలిపోయాయి. కొత్త రేకులు కోసి, టింకరింగ్ చేయించి, కింది స్ప్రింగు కమాన్లు విప్పి గ్రీజు పెట్టి, బ్రేకులు కట్టించాడు. ఉస్మాన్‌గంజ్‌కు పోయి, మంచి టార్పాలిన్ ఎంచి, పైకప్పు కుట్టించాడు. రంగు దగ్గర పంచాయతీ వచ్చింది. అవద్ భాయ్ ఎర్ర రంగు అన్నాడు, ఆగమ్మ చిలకపచ్చ అంది. కృష్ణయ్య బాగా ఆలోచించి, ముప్పై ఏళ్ళు చూసి చూసి విసిగిపోయిన ఆ సర్కారు బూడిద రంగే వేయించాడు. గొలుసు విప్పినా కట్టుగుంజ దగ్గరే నిలబడే ఎద్దులుంటాయి. మనుషుల సంగతి వేరే చెప్పాలా!

ఒక్క విషయంలో మాత్రం ఆయన ఎవరి మాటా వినలేదు. ఎడమపక్క సీటుకు కొత్త కొబ్బరిపీచు దట్టించి, పైన మెత్తటి రెక్సిన్ కుట్టించాడు. తన సీటు మీద గోనెపట్టా మడిచి వేసుకున్నాడు. "డ్రైవర్ సీటుకు ఏం పాపం?" అని అవద్ భాయ్ అడిగితే నవ్వి పట్టా సర్దుకున్నాడు. ఎడమపక్క సీటు ఎవరికోసమో ఆగమ్మకు తెలుసు. ఆమె కుట్టులో ఊడిన దారాన్ని పంటితో కొరికి సరిచేసింది.

ఎన్నాళ్ళకో ఒక పొద్దున హ్యాండిల్ తిరిగింది. ఇంజను దగ్గింది, తుమ్మింది, గల్లీ అంతా నల్ల పొగ కక్కింది, ఆ తరువాత నిలకడగా కొట్టుకోవడం మొదలుపెట్టింది. కృష్ణయ్య బోనెట్ మీద చెయ్యి వేసి అలాగే నిలబడిపోయాడు. ఆయనకు ఏడుపు వచ్చింది. పొగ వల్ల అని చెప్పుకోవడానికి వీలుగా పొగ కూడా ఉంది.

దసరా నాడు ఆయుధపూజ చేశారు. బండికి పసుపూ కుంకుమా పెట్టి, నాలుగు చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి, గుమ్మడికాయ కొట్టారు. ఇక చౌరస్తా దాకా మొదటి సవారీ. ఆగమ్మనూ వాడకట్టు ఆడవాళ్ళనూ వెనక ఎక్కించాడు. అవద్ భాయ్ నడపాలనీ, తాను పక్కన కూర్చోవాలనీ కృష్ణయ్య లోపల అనుకున్నాడు. కృష్ణయ్య ఇంకా ఎక్కకముందే అవద్ భాయ్ స్టీరింగు దగ్గర కూర్చుని క్లచ్ వదిలి చూశాడు. బండి కుదుపుతో ఎగిరింది. కృష్ణయ్య గుండె దానికంటే ఎత్తు ఎగిరింది.

"దిగు భాయ్, దిగు! పళ్ళు రాలిపోతయ్ గేర్లకు!"

అవద్ భాయ్ నవ్వుతూ దిగి వెనక ఎక్కాడు. కృష్ణయ్య గోనెపట్టా మీద కూర్చున్నాడు. ఎడమపక్క సీటు ఖాళీగా ఉంది. ఖాళీగా ఉన్న సీటును చూస్తే సెక్షనాఫీసరుకు బాధ్యత గుర్తొస్తుంది కాబోలు, ఉమాపతిగారు పంచె పైకెత్తి చక్కా వచ్చి అందులో ఎక్కి కూర్చున్నారు. "మీ కష్టం ఫలించిందండీ కృష్ణయ్యగారూ," అన్నారు ఎక్కేముందు. కూర్చుని వీపు ఆనించాక, ఎదురుగా చూస్తూ, "కృష్ణయ్యా, పోనీ," అన్నారు.

"అట్లనే సార్," అన్నాడు కృష్ణయ్య. వెన్ను దానంతటదే నిటారైంది.

ఆ తరువాత ఎన్నో ఏళ్ళు ఆ జీపు వాడకట్టు సొత్తయింది. కాన్పులకు అదే, రైలుకు అదే, బోనాలకు అదే. నాలుగు చక్రాలకూ బలం వచ్చే చిన్న గేరు ఉందని, వానాకాలం నీళ్ళు నిలిచిన గల్లీల్లో ఆటోలు మునిగినప్పుడు కూడా అదే. పిలవగానే కృష్ణయ్య వెళ్ళేవాడు. ఎడమపక్క సీటులో ఎవరో ఒకరు ఎక్కేవారు. విచిత్రమేమంటే, కూరగాయల బండి తోసుకునే మల్లన్న కూడా అందులో కూర్చున్న రెండో నిమిషానికి మోచెయ్యి బయటపెట్టి, "జర జల్దీ పోనియ్యి" అనేవాడు. దిగాక మళ్ళీ "అన్నా" అనేవాడు. తప్పు మనుషులది కాదేమో, ఆ కొబ్బరిపీచుది.

ఆదివారం ఆదివారం కృష్ణయ్య బండి కింద దూరేవాడు. ఆయిలు చూడటం, నట్లు బిగించడం, కమాన్లకు కాల్చిన ఆయిలు పూయడం. పెళ్ళయి అత్తవారింట ఉన్న కూతురు రూప వచ్చినప్పుడల్లా నాన్న కాళ్ళతోనే మాట్లాడి వెళ్ళేది, మిగతా మనిషి బండి కింద ఉండేవాడు కనుక. ఎవరైనా నడుపుతామంటే ఇచ్చేవాడు కాదు. అల్లుడు అడిగితే "బ్రేకు జర గుంజుతుంది బిడ్డా" అనేవాడు. బ్రేకు బంగారంలా ఉండేది. చూసే కళ్ళకు కృష్ణయ్య జీపు యజమాని. కానీ ఎడమపక్క సీటులో కూర్చోవాలంటే కుడిపక్క ఎవరో కూర్చోవాలి, ఆ ఎవరో ఎంత వెతికినా ఆయనకు నచ్చరు. తన కోరికకు కాపలా కూర్చున్నవాడు తానే. ఇది ఆయనకు తెలుసు. తెలిసి కూడా వయసు అరవై దాటింది.

ఈ కథ ఇలాగే సాగేది, ఉమాపతిగారి అమ్మాయి హరిప్రియ పెళ్ళి రాకపోతే.

శుభలేఖ మీద "శ్రీ కృష్ణయ్య దంపతులకు" అని రాసి, బొట్టు పెట్టి, ఉమాపతిగారి భార్య అమ్మాజీ స్వయంగా ఇచ్చింది. "తప్పకుండా రావాలి వదినగారూ, మీరు మా ఇంటి మనుషులే," అంది. ఇంటి మనుషులు కనుక పెళ్ళినాడు పొద్దున రైలు దిగే పెద్దలను తీసుకొచ్చే పని కూడా కృష్ణయ్యకే వచ్చింది. ఆగమ్మ ముందే ఆటోలో వెళ్ళింది. కృష్ణయ్య కొత్త తెల్లచొక్కా వేసుకుని, స్టీలు గిన్నెల బహుమతి ప్యాకెట్టు సీటు వెనక భద్రంగా పెట్టుకుని, ఉమాపతిగారి పెదనాన్నను ఎడమపక్క ఎక్కించుకుని ఫంక్షన్ హాలుకు తెచ్చాడు.

గేటు దగ్గర పన్నీరు చల్లుతున్న కుర్రాడు పెదనాన్నకు గులాబీ ఇచ్చి, దండం పెట్టి, చెయ్యి పట్టుకుని దించాడు. తరువాత ఇటు తిరిగి, ఎంతో మర్యాదగా, "బండి ఆ పక్కన పెట్టుకోండి. డ్రైవర్లకి వెనకాల భోజనాలు," అన్నాడు.

"అట్లనే బాబూ," అన్నాడు కృష్ణయ్య.

నిజం చెప్పాలంటే ఆయనకు ఏమీ అనిపించలేదు. బండి నీడలో పెట్టాడు. హాలు వెనక్కి నడిచాడు. అక్కడ వంటశాల పక్కన పట్టాలు పరిచి ఉన్నాయి. నలుగురైదుగురు డ్రైవర్లు కూర్చుని ఉన్నారు. ఆయన కూడా కూర్చుని, బహుమతి ప్యాకెట్టును ఒళ్ళో పెట్టుకుని, విస్తరి ముందు వేసుకున్నాడు. ఎవరి బండి ఎంత ఇస్తోంది, ఏ బంకులో పెట్రోలు మంచిది అని మాటలు నడిచాయి. చాలా రోజుల తరువాత తనవాళ్ళ మధ్య కూర్చున్నట్టు కృష్ణయ్యకు ప్రాణం హాయిగా ఉంది.

ఆగమ్మ హాలంతా వెతికి వెతికి అక్కడికి వచ్చేసరికి ఆయన పెరుగన్నంలో ఉన్నాడు.

"ఏడున్నవయ్యా? నీకోసం కుర్సీ ఆపి ఆపి, పెండ్లికొచ్చినోళ్ళందరితోని లొల్లి పెట్టుకున్న."

"తింటున్న. నువ్వు తిన్నవా? పప్పు మస్తుగున్నదే."

"గీడెవరు తింటరు?"

"డ్రైవర్లు."

"మరి నువ్వెవరు?"

కృష్ణయ్య నోరు తెరిచాడు. నోటికి వచ్చిన జవాబు ఒక్కటే. దాన్ని మింగాడు.

"ఎవడన్నడు గీడికి పొమ్మని?"

"ఎవడో పోరడు. మర్యాదగనే చెప్పిండు. చెప్పినంక పోకుంటే ఎట్లనే?"

"బండి నీది," అంది ఆగమ్మ. గొంతు పెద్దది కాలేదు, అదే భయం. "పత్రిక మీద పేరు నీది. ఒళ్ళె పెట్టుకున్న గిన్నెలు నా పైసలయి. ఇస్తరి కాడికొచ్చేసరికి డ్రైవరువైతివా? వాడు అన్నందుకు గాదు నా బాధ. నువ్వు గంత సంబురంగ తింటున్నవ్ సూడు, గందుకు."

అప్పుడు వచ్చింది కృష్ణయ్యకు సిగ్గు. ముప్పై ఏళ్ళ సిగ్గు ఒక్కసారే వచ్చినట్టుంది, విస్తరి మడిచి లేచాడు. చెయ్యి కడుక్కుని, ప్యాకెట్టు పట్టుకుని, ఆమె వెనక హాల్లోకి వెళ్ళి, వధూవరుల మీద అక్షింతలు వేశాడు. ఫోటో దిగమంటే దిగాడు. ఆ ఫోటోలో ఆయన తలుపు ఎక్కడుందా అని చూస్తున్నట్టు ఉంటాడు.

సంగతి తెలిసి ఉమాపతిగారు మరునాడు వచ్చి చాలా బాధపడ్డారు. "అయ్యయ్యో, మా వాళ్ళకి తెలీదండీ కృష్ణయ్యగారూ. ఎంత పొరపాటు!" అన్నారు. ఆ బాధతోనే, బంధువులను మళ్ళీ రైలెక్కించడానికి సాయంత్రం వచ్చి ఎడమపక్క సీటులో కూర్చున్నారు.

వాళ్ళను దించి ఇంటికి వచ్చాక ఆగమ్మ కృష్ణయ్య ముందుకొచ్చి నిలబడింది. "నడిపేటోళ్ళు లేకనే గద నువ్వు ఆడ కూసుంటలేవు. నేను నడుపుత."

కృష్ణయ్య నవ్వాడు. ఆమె నవ్వలేదు. "నువ్వు నేర్పొద్దు. నువ్వు నేర్పితే మనం ఇద్దరం ఒక ఇంట్ల ఉండం. అవద్ భాయ్ నేర్పుతడు. నేను అడిగిన."

బార్కస్ దాటాక అప్పట్లో ఖాళీ జాగాలు చాలా ఉండేవి, రాళ్ళూ తుమ్మచెట్లూ. పుట్టింటికి వచ్చిన రూప తోడుకు వెనక కూర్చుంటే, అవద్ భాయ్ పక్క నుంచి చెప్పేవాడు. "భాభీ, క్లచ్ దబాయించు. ఇగ జర జర వదులు. జర జర అన్న!" మొదటి రోజు ఆగమ్మ ముందుకు పోదామని వెనక్కి పోయి తుమ్మపొదలో దిగబడింది. మేకలు కాసేవాళ్ళు వచ్చి తోశారు. దూరంగా బండరాయి మీద కూర్చున్న కృష్ణయ్య, గేరు గరగరమన్నప్పుడల్లా తన పన్ను పీకినట్టు దవడ పట్టుకున్నాడు. పరుగెత్తుకుంటూ వెళ్ళి దింపేద్దామని రెండుసార్లు లేచి, మళ్ళీ కూర్చున్నాడు. పెళ్ళిలో విస్తరి ముందు నిలబడ్డ ఆమె మొహం గుర్తొచ్చేది.

స్టీరింగు బరువని అందరూ భయపెట్టారు. ఆగమ్మ తేలిగ్గా తీసేసింది. "పుట్టిన కాడి నుంచి ఇసుర్రాయి తిప్పిన. గిదొక బరువా?" నెలలు గడిచేసరికి బండి ఆమె మాట వినడం మొదలుపెట్టింది. లైసెన్సుకు వెళితే పరీక్ష పెట్టే ఆయన ముందు నవ్వాడు, రివర్సు చూశాక సంతకం పెట్టాడు.

ఒక చలికాలపు ఉదయం ఆగమ్మ చీరకొంగు నడుముకు బిగించి, గోనెపట్టా తీసి బయట పారేసి, అక్కడ ఇంట్లోంచి దిండు తెచ్చి వేసుకుని కుడిపక్క కూర్చుంది. కృష్ణయ్య అలవాటు కొద్దీ ఆ పక్కకే నడిచి వచ్చాడు. "ఏడికి? ఆ దిక్కు," అంది. ఆయన బండి చుట్టూ తిరిగి అవతలికి వెళ్ళాడు. కొత్తగా కుట్టించిన సీటు ఎప్పుడో పాతబడింది. దాని మీద ఉమాపతిగారి ఆకారంలో ఒక గుంట ఉంది. కృష్ణయ్య జాగ్రత్తగా, వేరొకరి పీట మీద కూర్చున్నట్టు, అందులో కూర్చున్నాడు.

బండి కదిలింది. ఆయన కుడికాలు నేల రేకును తొక్కింది, అక్కడ బ్రేకు లేదు. చేతులు ఒళ్ళో పెట్టుకున్నాడు. ఆ చేతులు ఎవరివో అన్నట్టున్నాయి. "మూడో గేరెయ్యి" అన్నాడు, "హారన్ కొట్టు" అన్నాడు, "మేక, మేక!" అన్నాడు.

"నోరు మూసుకో. దొరలు గిట్లనే మాట్లాడుతరా?"

"గిట్లనే మాట్లాడుతరే. అదే వాళ్ళ పని."

నోరు మూసుకున్నాక ఊరు కనిపించింది. ముప్పై ఏళ్ళకు పైగా ఆ దారినే పోతున్నా ఆయన చూసింది గుంతలూ, ఎదురొచ్చే లారీలే. ఇప్పుడు పక్కన దుకాణాలు కనపడ్డాయి. రొట్టెలు కాల్చే తందూరు కనపడింది. జామపండ్లు పేర్చుకుంటున్న ముసలమ్మ కనపడి, ఈయన చూపు తగిలి నవ్వింది. బాగుంది. ఇంత బాగుంటుందని తెలియదు. దీన్ని పక్కన పెట్టుకుని ఆ ఆఫీసర్లు నిద్ర ఎలా పోయారో ఆయనకు అర్థం కాలేదు.

చాంద్రాయణగుట్ట చౌరస్తాలో ట్రాఫిక్ కానిస్టేబులు చెయ్యి ఎత్తాడు. కుర్రవాడు, కొత్తగా వచ్చినట్టున్నాడు. పాత జీపునూ, దాని స్టీరింగు వెనక నడివయసు దాటిన ఆడమనిషినీ చూసి దగ్గరికి వచ్చాడు. ఆగమ్మ ముందు నుంచి నడిచి, బండి చుట్టూ తిరిగి, ఎడమపక్కకు వచ్చి నిలబడ్డాడు.

"సార్, డ్రైవర్‌కు లైసెన్స్ ఉన్నదా? జర చూపియ్యమను సార్."

సార్. పోలీసు నోటి నుంచి, తనను. కృష్ణయ్యకు ఒళ్ళంతా తేనె పూసినట్టయింది, ఎందుకు దాచడం? మోచెయ్యి తెలియకుండానే బయటికి వెళ్ళింది. గొంతు సవరించుకుని జవాబు చెప్పబోతూ, ఆగమ్మ వైపు చూశాడు.

ఆమె రెండు చేతులూ స్టీరింగు మీద పెట్టుకుని, ఎదురుగా చూస్తూ, తన తల మీదుగా ఇద్దరు మగవాళ్ళు మాట్లాడుకోవడం ఎప్పుడు అయిపోతుందా అని ఓపికగా ఎదురుచూస్తోంది. ఆ కూర్చోవడం కృష్ణయ్యకు తెలుసు. ప్రతి చెక్‌పోస్టు దగ్గర, ప్రతి గెస్ట్‌హౌసు ముందర, ముప్పై ఏళ్ళు తాను అలాగే కూర్చున్నాడు. అప్పుడు తన మొహం ఎలా ఉండేదో ఏ అద్దంలోనూ చూడలేదు. ఇప్పుడు పక్క సీటులో చూశాడు. ఒంటి మీది తేనె అంతా చేదైపోయింది.

"నన్నడుగుతవేంది తమ్మీ?" అన్నాడు. "బండి నడిపేటామె నీ కండ్ల ముంగటనే ఉన్నది గదా. ఆ దిక్కు పోయి ఆమెను అడుగు. ఆమెకు పేరున్నది. ఆగమ్మ."

కానిస్టేబులు తికమకపడి, చుట్టూ తిరిగి కుడిపక్కకు వెళ్ళి, "అమ్మా, లైసెన్స్" అన్నాడు. ఆగమ్మ రొండిన దోపుకున్న ప్లాస్టిక్ సంచి తీసి, లైసెన్సు చూపించి, మళ్ళీ మడిచి దోపుకుంది. ఆ తరువాత చాలాసేపు కృష్ణయ్య మొహంలోకి చూసింది. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆయన పరాయివాళ్ళ ముందు ఆమె పేరు పలకడం అదే మొదలు.

వెనక బస్సు హారన్ కొట్టింది. దారులు నాలుగున్నాయి.

"ఎటు పోనియ్యాలె?" అంది ఆగమ్మ.

"నన్నడుగకు," అన్నాడు కృష్ణయ్య. "నడిపేదానివి నువ్వు. నీకు ఏడికి పోవాలనున్నదో గాడికే పోనియ్యి."

ఎడమపక్క సీటులో కూర్చున్న మనుషుల్లో ఒక్కడైనా తనతో ఈ మాట అంటాడేమోనని తాను అన్నేళ్ళూ ఎదురుచూశాడని, ఆ మాట తన నోట్లోంచి వచ్చాకే ఆయనకు తెలిసింది. కళ్ళు తడిశాయి. ఆగమ్మ చూడలేదు. ఆమె గేరు వేసి, చెయ్యి బయటపెట్టి, రోడ్డు చూసుకుంటోంది.